యాప్‌లో లేని పాటను ఎక్కడ దాచాలి?

పదేళ్ల కిందటి దాకా ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ బజార్లలో మొబైల్ షాపులవాళ్లకు ఒక పక్క సంపాదన ఉండేది. మెమరీ కార్డు తీసి చేతికిస్తే పాటలు ఎక్కించి ఇచ్చేవారు. కొత్త తెలుగు సినిమా పాటలు, ఒడియా ఆల్బమ్‌లు, అయ్యప్ప భజనలు, పక్కనున్న శ్రీకాకుళం నుంచి వచ్చిన బుర్రకథలు అన్నీ ఒకే ఫోల్డర్‌లో కలగాపులగంగా వచ్చి పడేవి. వాటిలో చాలావరకు అనుమతి లేని నకళ్లే, అది వేరే సంగతి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక ఆ పని దాదాపు ఆగిపోయింది. పాట కావాలంటే యాప్ తెరిస్తే చాలు. మెమరీ కార్డు సొరుగులోకి, క్యాసెట్లు అటక మీదికి వెళ్లిపోయాయి. ఇల్లు సర్దేటప్పుడు వాటిని పారేద్దామా అనే మాట వస్తే "అన్నీ యాప్‌లో ఉన్నాయి కదా" అనే జవాబు వినిపిస్తుంది.

అన్నీ ఉన్నాయా అన్నదే ప్రశ్న. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు జిల్లాల్లోని తెలుగు ఇళ్లలో దీనికి జవాబు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వచ్చే జవాబులా ఉండదు.

ముందు పాటల యాప్‌లకు కట్టే చందా సంగతి చూద్దాం. నెలనెలా కట్టేది వినడానికి అద్దె. ఆ అద్దెకు దొరికేది తక్కువేమీ కాదు, కోట్ల పాటలు చేతిలో ఉంటాయి. తికమకంతా "డౌన్‌లోడ్" అనే మాట దగ్గరే వచ్చింది. మెమరీ కార్డు రోజుల్లో డౌన్‌లోడ్ అంటే ఫైలు మన చేతికొచ్చినట్టు. స్పాటిఫైలో డౌన్‌లోడ్ నొక్కితే ఫోన్‌లోకి దిగేది తాళం వేసిన ఫైలు. దాన్ని ఆ యాప్ ఒక్కటే తెరవగలదు, అదీ చందా నడుస్తున్నంత కాలమే. పెన్ డ్రైవ్‌లోకి లాగి కారులో పెడితే పలకదు. ఒక్కో ఫోనులో 10,000 పాటల చొప్పున 5 ఫోన్ల దాకా దించుకోవచ్చు గానీ, కనీసం 30 రోజులకోసారి ఆ ఫోనుకు నెట్ తగలాలి. లేకపోతే దించినవి పోతాయి. మహేంద్రగిరి చుట్టుపక్కల సిగ్నల్ సరిగా అందని ఊళ్లవాళ్లకు ఆ గడువు ఎలాగూ సరిపోతుంది, సంతకు దిగినప్పుడు ఫోను నెట్ పట్టుకుంటుంది. రోజూ వినడానికి ఇది మంచి ఏర్పాటే. పాటలు దాచుకున్నామని అనుకోవడానికి మాత్రం ఇది పనికిరాదు.

అద్దె ఇల్లు ఖాళీ చేయమన్న సందర్భాలు మన దేశంలోనే ఉన్నాయి. రెస్సో యాప్ 2024 జనవరి 31తో భారత్‌లో ఆగిపోయింది. అదే ఏడాది ఆగస్టులో వింక్ మ్యూజిక్‌ను మూసేస్తున్నట్టు ఎయిర్‌టెల్ ప్రకటించింది. 2024 మార్చిలో స్పాటిఫైకీ జీ మ్యూజిక్‌కీ ఒప్పందం కుదరక ఆ కంపెనీ పాటలు రాత్రికి రాత్రే లిస్టుల్లో బూడిదరంగుకు తిరిగాయి. వినేవాళ్లు కట్టిన డబ్బుకూ ఆ తగువుకూ ఏ సంబంధమూ లేదు.

వీటికి పోలికగా చెప్పుకోదగినది ఫ్లిప్‌కార్ట్ నడిపిన ఫ్లైట్ అనే పాటల దుకాణం. 2012 ఫిబ్రవరిలో మొదలై 2013 జూన్‌లో మూతపడింది. నిండా ఏడాదిన్నర కూడా నిలవలేదు. కానీ అక్కడ అమ్మినవి తాళం లేని ఎంపీ3 ఫైళ్లు. అప్పట్లో కొని కంప్యూటర్‌లో పెట్టుకున్నవాళ్ల దగ్గర ఆ పాటలు ఈ రోజుకీ మోగుతాయి. దుకాణం పోయినా సరుకు ఇంట్లోనే ఉంది.

అలాగని స్ట్రీమింగ్ యాప్‌లోని సినిమా పాటల గురించి టెన్షన్ పడాల్సిన పని లేదు. ఒక యాప్‌లో పోయిన హిట్ పాట ఇంకో యాప్‌లో దొరుకుతుంది. నిజంగా పోయేది ప్లేలిస్టు. ఏళ్లతరబడి ఒక్కో పాటా ఏరి కూర్చిన వరస అది, పాటలు కంపెనీవైనా ఆ ఏరిక మాత్రం మనది. లిస్టును ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కు మార్చే సౌండిజ్, ట్యూన్ మై మ్యూజిక్ లాంటి సేవలు ఉన్నాయి. ఏడాదికోసారి ఆ లిస్టును మామూలు టెక్స్ట్ ఫైలుగా తీసి పెట్టుకుంటే చాలు. వెయ్యి పాటల పేర్లు ఒక ఫోటో అంత చోటు కూడా తినవు.

అసలు నష్టం మన ఫైళ్లను మనమే క్లౌడ్‌కు, అంటే నెట్‌లో ఏదో కంపెనీ సర్వర్‌కు ఎక్కించి, ఇంట్లోవి చెరిపేసినప్పుడు జరుగుతుంది. మైస్పేస్ అనే సోషల్ మీడియా సైటు సంగతి దీనికి పెద్ద ఉదాహరణ. సర్వర్లు మార్చే పనిలో 2003 నుంచి 2015 వరకు జనం ఎక్కించిన పాటలు పోయాయని ఆ సంస్థ 2019లో ఒప్పుకుంది. 5 కోట్లకు పైగా పాటలని అప్పట్లో లెక్క వేశారు. వాటిలో ఎక్కువ భాగం పేరులేని చిన్న బృందాలు సొంతంగా రికార్డు చేసుకున్నవి. అదొక్కటే కాపీ అయినవాళ్లకు ఇక ఏ దారీ లేకపోయింది. గూగుల్ ప్లే మ్యూజిక్ మరీ అంత అన్యాయం చేయలేదు. సొంత పాటలు 50,000 దాకా ఉచితంగా దాచుకోనిచ్చింది. 2020 చివర్లో మూసేటప్పుడు యూట్యూబ్ మ్యూజిక్‌కు మార్చుకోమనీ, కంప్యూటర్‌లోకి దించుకోమనీ మెయిళ్లు పంపింది, 2021 ఫిబ్రవరి 24 దాకా గడువిచ్చింది. ఆ మెయిళ్లు చూడనివాళ్ల పాటలు చెరిగిపోయాయి. ఇంకో చిన్న సంగతి కూడా ఉంది. నాణ్యత పోకుండా ఫ్లాక్ అనే ఫైలు రకంలో ఎక్కించిన దాన్ని ఆ సేవ 320 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) ఎంపీ3గా కుదించి మార్చి పెట్టుకునేది. తిరిగి దించుకున్నప్పుడు వచ్చేది మనం ఇచ్చిన ఫైలు కాదన్నమాట.

ఆపిల్ మ్యూజిక్‌ది మరో రకం చిక్కు. మన పాటల సంచిని చూసి, అదే పాట తన దగ్గర ఉంటే తన కాపీతో జత కలుపుతుంది, లేనిదాన్ని మన దగ్గర నుంచి ఎక్కించుకుంటుంది. మొదట్లో పాట పేరు, గాయకుడి పేరు లాంటి ట్యాగులు చూసి జత కలిపేది, కచేరీలో పాడింది ఉండాల్సిన చోట స్టూడియోలో పాడింది వచ్చి కూర్చునేది. 2016 జులై నుంచి ధ్వనిని పోల్చి చూడటం మొదలుపెట్టారు. ఆ ఏడాది మేలోనే అమెరికాలో ఒక సంగీతకారుడు తన కంప్యూటర్‌లోని 122 జీబీ పాటలు మాయమయ్యాయని రాసిన వ్యాసం పెద్ద దుమారం లేపింది, ఆపిల్ ఐట్యూన్స్‌కు సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. ఆయన దగ్గర విడిగా బ్యాకప్ ఉండబట్టి పాటలు తిరిగి దక్కాయి. ఆపిల్ మ్యూజిక్ బ్యాకప్ సేవ కాదని ఆపిల్ తన సహాయ పేజీలోనే రాసుకుంది. అంత స్పష్టంగా కంపెనీయే చెప్పాక వేరేలా నమ్మడం మన తప్పే అవుతుంది.

సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్ అంటే రెండు చోట్లా ఫైళ్లను ఒకేలా ఉంచడం, అది అద్దం లాంటిది. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. ఇంట్లో పిల్లాడు ఆటకోసం ఫోనులో ఖాళీ చేద్దామని ఒక ఫోల్డర్ లేపేస్తే, అద్దంలోనూ ఆ ఫోల్డర్ ఉండదు.

ఇప్పుడు సరిహద్దు ఇళ్ల సంగతికి వద్దాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి అటు చేరిన ప్రాంతం ఇది. ఇచ్ఛాపురం దాటి కాస్త ముందుకు పోతే బరంపురం, పాతపట్నం దాటితే పర్లాకిమిడి. అటువైపు, ఇటువైపు చుట్టరికాలు తెగలేదు, పెళ్లిళ్లు, జాతరలు ఆగలేదు. పాటలూ అలాగే సాగాయి. ఇక్కడి ఒక నడివయసు ఇంటి పాటల పెట్టె తీసి చూస్తే సినిమా పాటలు సగం ఉండొచ్చు. మిగతా సగంలో కోలాటం పాటలు, రామభజనలు, జముకుల కథ, తప్పెటగుళ్లు, జాతరలో కొన్న క్యాసెట్లు, అమ్మమ్మ పాడగా టేప్‌రికార్డర్ పెట్టి పట్టిన పెళ్లి పాటలు, కొండ సంతలో దొరికిన సవర పాటలు ఉంటాయి.

యాప్‌లకు పాటలు అందించేది లేబుళ్లు, వాటి పంపిణీదారులు. తెలుగు కంపెనీలు ఆంధ్ర, తెలంగాణ శ్రోతలను చూసుకుని పాటలు ఎక్కిస్తాయి. ఒడియా కంపెనీలకు ఒడియా పాట కావాలి. బరంపురం తెలుగువాడి భజన బృందం రెండింటికీ పట్టదు. రెంటికీ చెడ్డ రేవడి అన్నట్టు అది ఏ జాబితాలోకీ ఎక్కలేదు. ఏ చిన్న కంపెనీయో ఒకప్పుడు క్యాసెట్ వేసినా, ఆ కంపెనీ ఎప్పుడో మూతపడి ఉంటుంది. పాట ఎవరిదో తేలనిదే పంపిణీదారు ముట్టుకోడు. అందుకే బ్యాకప్‌కు వరుస వేసేటప్పుడు "ఏది ఎక్కువ వింటాం" అని చూస్తే పప్పులో కాలేసినట్టే. పోతే మళ్లీ దొరకనిది ఏదో అదే ముందు. రోజూ వినే సినిమా పాటలు ఆ వరుసలో అన్నిటికంటే కింద ఉంటాయి, పదేళ్లుగా ఎవరూ వినని పెళ్లి పాటల క్యాసెట్ పైకి వస్తుంది. మధ్యలో ఒక రకం ఉంది. పాత సినిమా, లలిత సంగీతం రికార్డులు యాప్‌లో ఉంటాయి గానీ, కొత్తగా శబ్దం శుభ్రం చేసిన రూపంలోనో, చరణం కత్తిరించిన రూపంలోనో ఉంటాయి. ఇంట్లో ఉన్నది ఏ రూపమో ఒకసారి పక్కపక్కన పెట్టి విన్నాకే పారేయాలో వద్దో తేల్చుకోవాలి.

క్యాసెట్‌కు వయసు మీద పడుతోంది. సముద్రం దగ్గర ఊళ్ల తేమకు టేపు మీద తెల్లగా బూజు పడుతుంది. అలాంటి టేపును అలాగే ప్లేయర్‌లో పెడితే బూజు హెడ్‌కు (టేపును చదివే భాగానికి) అంటుకుని తర్వాత పెట్టే క్యాసెట్లనూ పాడు చేస్తుంది. అలాంటిదాన్ని పక్కన పెట్టి, మిగతావాటికి ముందు హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, టేపును ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టాలి. ప్లేయర్ స్పీకర్ ముందు ఫోను పెట్టి రికార్డు చేయడం చాలామంది చేసే పని. ఫ్యాను చప్పుడు, కుక్కర్ కూత కూడా పాటలో కలిసి శాశ్వతంగా ఉండిపోతాయి. ప్లేయర్ లైన్ అవుట్ నుంచి గానీ, అది లేకపోతే ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి గానీ ఒక వైరు తీసి, చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు ద్వారా కంప్యూటర్‌కు కలిపి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పట్టుకోవడం మేలు.

ఈ పనిలో తొందర కుదరదు. గంట క్యాసెట్‌కు గంట పడుతుంది, 40 క్యాసెట్లకు 40 గంటలు. సీడీ నాణ్యతలో పట్టిన, కుదించని వేవ్ ఫైలు గంటకు 600 ఎంబీ దాటుతుంది. దాన్ని ఫ్లాక్‌గా మారిస్తే శబ్దంలో ఏమీ పోకుండా దాదాపు సగానికి తగ్గుతుంది. దాచే కాపీ ఫ్లాక్‌లో పెట్టి, వినడానికి దాని నుంచి ఎంపీ3 తీసుకోవచ్చు. ఎంపీ3ని మళ్లీ ఫ్లాక్‌గా మారిస్తే మాత్రం ఫైలు లావెక్కుతుందే గానీ, పోయిన శబ్దం తిరిగి రాదు. పాత మెమరీ కార్డుల్లోని 128 కేబీపీఎస్ పాటలను అలాగే ఉంచేయాలి. నిమిషానికి ఒక ఎంబీ లెక్కన అయిదు నిమిషాల పాటలు వెయ్యి ఉన్నా 5 జీబీలోపే.

వాట్సాప్‌లో వచ్చిన పాటలను చాలామంది మరిచిపోతారు. చుట్టాల గ్రూపులో ఎవరో పంపిన తాతగారి హరికథ ముక్క ఫోన్‌లోని వాట్సాప్ ఆడియో ఫోల్డర్‌లో, ఏయూడీ అనే అక్షరాల పక్కన తేదీ, అంకెలు ఉన్న పేరుతో పడి ఉంటుంది. ఫోను మార్చినప్పుడు మొదట పోయేవి అవే.

ఎక్కడ దాచాలి అనేదానికి ఫోటోగ్రాఫర్ల దగ్గర మొదలై కంప్యూటర్‌వాళ్లందరూ ఒప్పుకున్న ఒక పద్ధతి ఉంది: మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట. ఈ మూడో మాటకు బరంపురం, పర్లాకిమిడి ఉన్న గంజాం, గజపతి జిల్లాల్లో ఉన్నంత అర్థం ఇంకెక్కడా ఉండదేమో. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి, రాయగడ జిల్లాలను వరదలో ముంచింది. బరంపురంలో ఒక కాపీ, విశాఖలోని మేనమామ ఇంట్లో ఒక కాపీ అంటే వినడానికి బాగుంటుంది గానీ, రెండూ ఒకే తీరం మీద ఉన్నాయి. గంజాం నుంచి సూరత్‌కు పనికి వెళ్లినవాళ్లు లేని వీధి దాదాపు ఉండదు. హైదరాబాద్‌లో చదువుకునే పిల్లలూ ఉంటారు. పండక్కి వచ్చినవాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు ఒక పెన్ డ్రైవ్ బట్టల మధ్య పెట్టి పంపితే మూడో కాపీ అయిపోయినట్టే. వచ్చే పండక్కి దాన్ని తెప్పించి, కొత్త పాటలు కలిపి మళ్లీ పంపాలి.

పెన్ డ్రైవ్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. జాతర దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వందలకు "1 టీబీ" అని అమ్మేవి చాలావరకు మోసం. లోపల 32 జీబీ చిప్ పెట్టి, కంప్యూటర్‌కు 1 టీబీ అని కనిపించేలా చేస్తారు. పాటలు ఎక్కినట్టే ఉంటాయి, 32 దాటినవి ఖాళీ పెంకులు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత పరీక్షతో కొన్న రోజే తేలిపోతుంది. నిజమైన పెన్ డ్రైవ్ అయినా కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పడి ఉంటే అందులోని సమాచారం చెదిరిపోవచ్చు. అసలు కాపీ హార్డ్ డిస్క్‌లో ఉండటమే నయం, దాన్ని కూడా ఏడాదికి రెండుసార్లన్నా నడిపి చూడాలి.

క్లౌడ్‌ను పూర్తిగా పక్కన పెట్టక్కర్లేదు. యూట్యూబ్ మ్యూజిక్ సొంత పాటలు లక్ష దాకా ఎక్కించుకోనిస్తుంది, గూగుల్ డ్రైవ్‌లో 15 జీబీ ఉచితం. మొత్తం సంచికి చాలకపోయినా, మళ్లీ దొరకని ఆ కొన్ని క్యాసెట్ల పాటలకు అది చాలు. రెండేళ్లు ఎవరూ తెరవని గూగుల్ ఖాతాను ఆ కంపెనీ తీసేయవచ్చని గుర్తుంటే మంచిది. తాతగారి పేరు మీద ఖాతా తెరిచి, పాటలు ఎక్కించి, పాస్‌వర్డ్ మరిచిపోయిన ఇళ్లు ఉంటాయి. స్పాటిఫైలో కనిపించే "లోకల్ ఫైల్స్" ఏర్పాటు మాత్రం క్లౌడ్ కాదు. అది మన కంప్యూటర్‌లోని ఫైలును అక్కడి నుంచే వినిపిస్తుంది, సర్వర్‌లో దాచదు.

చట్టం విషయం క్లుప్తంగా. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత వాడకానికి న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని తప్పు పట్టదు. కొన్న క్యాసెట్‌ను ఇంట్లో దాచుకోవడానికి కాపీ చేసుకునేవారికి ఆసరా అదే. ఆ కాపీని అమ్మినా, యూట్యూబ్‌లో అందరికీ పెట్టినా సంగతి మారుతుంది. చందా యాప్ వేసిన తాళం విరగ్గొట్టి పాటలు బయటికి లాగే సాఫ్ట్‌వేర్‌ల జోలికి పోకపోవడం మంచిది. 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ ప్రకారం హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. అసలు ఆ పాటలకు అంత కష్టం దండగ. అవి దొరకనివేమీ కావు.

ఇక మిగిలింది పేర్లు. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, సరిహద్దులో అన్నిటికంటే ముడిపడ్డ పని ఇదే. ఊరి పేరే బరంపురం, బ్రహ్మపూర్, బెర్హంపూర్ అని మూడు రకాలుగా రాస్తారు. పర్లాకిమిడి ఇంకొకచోట పారలఖెముండి అవుతుంది. ఒకే గాయకుడి పాటలు మూడు లిపుల్లో మూడు చోట్ల పడి ఉంటాయి, వెతికితే మూడోవంతే దొరుకుతాయి. కారు ప్లేయర్లలో చాలావాటికి తెలుగు అక్షరాలు చదవడం రాదు, పేరు బదులు డబ్బాలు చూపిస్తాయి. ఎంపీ3 ఫైలు లోపల పాట వివరాలు రాసే ఐడీ3 ట్యాగు పాతదైతే, పాట పేరుకు 30 అక్షరాల చోటే ఉంటుంది, అదీ ఇంగ్లిష్ అక్షరాలకు.

దీనికంటే లోతైన చిక్కు ఇంకొకటి ఉంది. ఇక్కడి తెలుగు ఇళ్లలో పిల్లలు బడిలో ఒడియానో ఇంగ్లిషో చదువుతారు. తెలుగు మాట్లాడతారు, పాడతారు, చదవడం రానివాళ్లు ఎందరో. పెద్దవాళ్లు శ్రద్ధగా తెలుగులో పేర్లు రాసి పెట్టిన 40 ఫోల్డర్లు ఆ పిల్లల చేతికొచ్చేసరికి గుర్తుపట్టలేని గీతలవుతాయి. ఏం ఉందో తెలియని ఫోల్డర్‌నే మనిషి ముందు చెరుపుతాడు. అందుకని ఫైలు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్నగా ఉంచి, లోపలి ట్యాగులో తెలుగు, ఒడియా రెండూ రాయడం మేలు. కొత్త ఐడీ3 ట్యాగులు యూనికోడ్‌ను పట్టుకుంటాయి, ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒకేసారి వందల ఫైళ్లకు ఈ పని చేయొచ్చు.

లిపితో పని లేని దారి కూడా ఉంది. ప్రతి ఫోల్డర్‌లో అన్నిటికంటే ముందు వచ్చేలా సున్నా అంకెతో ఒక ఫైలు పెట్టి, అందులో ఇంటి పెద్దల గొంతుతోనే చెప్పించాలి: ఇది ఎవరి పెళ్లి, ఏ ఊళ్లో, పాడింది ఎవరు, మధ్యలో నవ్వింది ఎవరు, ఆ పక్కన ఏడుస్తున్న పిల్ల ఎవరు. ఫోను రికార్డర్‌లో రెండు నిమిషాల పని. క్యాసెట్ అట్ట మీద పెన్సిల్‌తో రాసిన నాలుగు పేర్లను చదివి చెప్పగలిగినవాళ్లు ఇంట్లో ఉండగానే అది కావాలి. క్యాసెట్ ఎక్కించడం వచ్చే ఏడాదికి వాయిదా పడినా, ఆ రెండు నిమిషాలు ఈ సెలవుల్లోనే పట్టుకోవచ్చు.